ఒక్క బండి ఉన్న ఊరు

(మహదేవపూర్‌లో మహిళా సంఘం సమావేశంలో ఒక టీచరమ్మ చేసిన ప్రసంగం)



పోయిన సమావేశంలో ఒక అక్క నన్ను ఒక మాట అడిగింది. "టీచరమ్మా, నేను సంతకం నేర్చిన. పేపరు కూడా చదువుతున్న. కానీ ఫోనుల రేషను కార్డు సంగతి చూడాలంటే ఇంకా మనుమని చేతికే ఇస్తున్న. వాడు చూసి ఏం చెప్తే అదే నిజం. ఎందుకట్ల?" అన్నది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుదాం రండి.

మీ ఫోను తీసి చూడండి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల చక్రం ఉంటుంది. నడుమ నీలం చుక్క ఉంటుంది. దాని పేరు క్రోమ్. అది ఒక బ్రౌజర్.

బ్రౌజర్ అంటే ఏమిటి? ఇంటర్నెట్ అంటే ప్రపంచమంతా అల్లుకున్న దారులు అనుకోండి. ఆ దారుల్లో ఊళ్ల లాగా పేజీలు ఉంటాయి. ఒకటి రేషను కార్డుల పేజీ. ఒకటి భూమి కాగితాల పేజీ. ఒకటి మన మహదేవపూర్ దసలి పట్టు చీరలు అమ్మే పేజీ. ఆ ఊళ్లకు మనల్ని తీసుకుపోయే బండి పేరే బ్రౌజర్.

బండి అన్నాను కాబట్టి ఒక సంగతి చెప్తా. ఒక ఊరికి ఒక్కటే ఆటో ఉన్నదనుకోండి. ఏమవుతుంది? ఆటో నిండితేనే కదులుతుంది. కిరాయి ఆయన చెప్పిందే. సీటు చిరిగినా కుట్టించడు. "ఇష్టముంటే ఎక్కు, లేకుంటే నడువు" అంటాడు. అదే ఊరికి రెండో ఆటో వచ్చిందనుకోండి. మొదటి ఆటోకు కొత్త సీటు వస్తుంది. "రా అక్కా, ఇప్పుడే పోతున్నం" అని పిలుస్తాడు. మనిషి మారలేదు. పోటీ వచ్చింది, అంతే.

బ్రౌజర్ల కథ కూడా అచ్చం ఇదే. కొంచెం ఓపికగా వినండి.

మొదటి బండ్లు

స్విట్జర్లాండ్ దేశంలో సెర్న్ అనే పెద్ద పరిశోధన కేంద్రం ఉన్నది. అక్కడ పనిచేసే టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన 1990లో మొదటి బ్రౌజర్ తయారు చేశాడు. 1993లో సెర్న్ ఒక మంచి పని చేసింది. "ఈ విద్య అందరిది, ఎవరూ పైసా కట్టనక్కర లేదు" అని ప్రకటించింది. ఊరి బావి లాగా అందరికీ వదిలేసింది. అందుకే ఎవరైనా బండి తయారు చేయగలిగారు.

అదే 1993లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి మొజాయిక్ అనే బ్రౌజర్ వచ్చింది. అక్షరాల పక్కనే బొమ్మలు కూడా చూపించింది. బొమ్మలు కనబడే సరికి మామూలు జనం కూడా వచ్చారు. దాన్ని తయారు చేసిన వారిలో కొందరు 1994లో నెట్‌స్కేప్ అనే కొత్త బ్రౌజర్ తెచ్చారు. అది బాగా నడిచింది.

1995లో మైక్రోసాఫ్ట్ అనే పెద్ద కంపెనీ పోటీకి దిగింది. కంప్యూటర్లను నడిపించే విండోస్ ఆ కంపెనీదే. తన బ్రౌజరుకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అని పేరు పెట్టింది. మన దేశంలో మామూలు ప్రజలకు ఇంటర్నెట్ వచ్చింది కూడా ఆ ఏడే, ఆగస్టు 15న.

రెండు కంపెనీలు పోటీ పడ్డాయి. ఒకరు కొత్తది తెస్తే ఇంకొకరు ఇంకా కొత్తది తెచ్చారు. కానీ మైక్రోసాఫ్ట్ చేతిలో ఒక కిటుకు ఉన్నది. కంప్యూటర్ కొంటే దానిలోనే తన బ్రౌజరును పెట్టి ఉచితంగా ఇచ్చింది. ఇంట్లోనే బండి ఉంటే బయట బండి ఎవరు ఎక్కుతారు? నెట్‌స్కేప్ చితికిపోయింది.

1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కోర్టుకు పోయింది. 2000లో జడ్జి ఆ కంపెనీని రెండు ముక్కలు చేయాలన్నాడు. 2001లో పై కోర్టు ముక్కలు చేయవద్దన్నది. కానీ పోటీని అణచడం తప్పేనన్నది.

నిద్రపోయిన బండి

ఇప్పుడు అసలు సంగతి వినండి. 2001లో ఎక్స్‌ప్లోరర్ ఆరో రకం వచ్చింది. దాదాపు అందరూ దాన్నే వాడారు. పోటీ లేదు. మరి ఏడో రకం ఎప్పుడు వచ్చింది? 2006లో! అయిదేండ్లు ఆ కంపెనీ బండికి పెద్ద మరమ్మతు చేయలేదు. ఈ లోపల వైరస్‌లు చొరబడ్డాయి. అడగని ప్రకటనలు ఈగల్లా ముసిరాయి. గెలిచినవాడు పడుకున్నాడు. నష్టపోయింది జనం.

వాళ్లను లేపింది ఎవరు? ఓడిపోయిన నెట్‌స్కేపే! అది పోతూ పోతూ 1998లో తన బండి లోపలి గుట్టంతా బయటపెట్టింది. "ఎవరైనా చూడండి, బాగుచేయండి" అన్నది. ప్రపంచం నలుమూలల నుంచి ఎందరో కూడి దాన్ని బాగుచేశారు. ఆ పని నుంచి 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్ పుట్టింది. అడగని ప్రకటనలను ఆపింది. ఒకే కిటికీలో నాలుగు పేజీలు తెరిచే వీలు ఇచ్చింది. జనం అటు నడిచారు. అప్పుడు మైక్రోసాఫ్ట్‌కు మెలకువ వచ్చింది.

నార్వే దేశపు ఒపేరా కంపెనీ ఇంకో ఉపాయం చేసింది. చిన్న ఫోనుల కోసం ఒపేరా మినీ తెచ్చింది. మనం చీరను మడత పెట్టి సంచిలో సర్దినట్టు, అది పేజీని చిన్నగా మడిచి పంపుతుంది. తక్కువ డేటాతో, నిదానమైన సిగ్నల్‌తో కూడా పని నడిచింది. పేదవాళ్ల ఫోనులకు అది అక్కరకు వచ్చింది.

2008 సెప్టెంబరులో గూగుల్ కంపెనీ క్రోమ్ తెచ్చింది. ఆ పనికి ముందు నిలిచినవాడు సుందర్ పిచాయ్. తమిళనాడులోని మధురైలో పుట్టినవాడు. క్రోమ్‌లో ఒక్కో పేజీకి ఒక్కో గది. ఒక కుండ పగిలితే పక్క కుండలో నీళ్లు పోవు కదా! అట్లనే ఒక పేజీ చెడిపోతే తక్కిన పేజీలు ఆగవు. వేగం కూడా ఎక్కువ. కొన్నేండ్లలోనే అది అందరినీ దాటింది.

మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్‌కు పెద్ద అయ్యాడు. ఆయన కాలంలోనే, 2022 జూన్ 15న, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను ఆ కంపెనీ పక్కకు పెట్టింది. ఒకనాడు ఎదురు లేని బండి అది. "ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి" అని పెద్దలు ఊరికే అనలేదు.

మన తెలుగు ఎట్ల వచ్చింది?

"ఇదంతా అమెరికా వాళ్ల కొట్లాట. మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా.

మీరు "స్త్రీ" అని రాయడం ఎట్ల నేర్చుకున్నారో గుర్తున్నదా? స కింద త ఒత్తు, ర ఒత్తు, పైన గుడి దీర్ఘం. చేతికి కష్టమైంది. యంత్రానికి కూడా అంతే కష్టమైంది! మొదట్లో తెలుగు పత్రికలు ఒక్కోటి ఒక్కో రకం అక్షరాలు వాడేవి. ఆ అక్షరాలు మీ కంప్యూటర్‌లో లేకుంటే తెలుగుకు బదులు పిచ్చి గీతలు కనబడేవి.

ప్రపంచ భాషలన్నిటికీ కలిపి యూనికోడ్ అనే ఒక పద్ధతి పెట్టారు. ప్రతి అక్షరానికి ఒక నంబరు. మన "అ" ఎక్కడైనా అదే "అ". కానీ పద్ధతి ఉంటే సరిపోదు. బండి కూడా దాన్ని పాటించాలి. ఒత్తులు, గుణింతాలు సరిగా అతికించాలి.

ఇక్కడే పోటీ మనకు పనికి వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌కు ఎవరైనా కొత్త భాగం తయారు చేసి తగిలించవచ్చు. నాగార్జున వెన్న అనే తెలుగాయన పద్మ అనే భాగం తయారు చేశాడు. అది ఆ రకరకాల అక్షరాలను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. ఫైర్‌ఫాక్స్ లోపలి మాటలను తెలుగు చేసింది కూడా జీతం లేని కార్యకర్తలే. ఏ కంపెనీ చేసి పెడుతుందా అని వాళ్లు ఎదురుచూస్తూ కూర్చోలేదు.

ఈనాడు క్రోమ్‌లో తెలుగు ఉన్నది. ఫైర్‌ఫాక్స్‌లో, ఎడ్జ్‌లో తెలుగు ఉన్నది. 2017లో గూగుల్ తెలుగులో మాట చెప్తే రాసే వీలు కూడా తెచ్చింది. దయతో ఇచ్చారా? కొంత కార్యకర్తల కష్టం. కొంత పోటీ. "నేను తెలుగు ఇవ్వకుంటే వీళ్లు పక్క బండి ఎక్కుతారు" అన్న భయం కంపెనీకి ఉండాలి. ఆ భయం మన బలం.

ఉచితం అంటే నిజంగా ఉచితమా?

బ్రౌజరుకు మనం పైసా ఇవ్వం. మరి కంపెనీకి లాభం ఏమిటి?

మనం ఏం వెతుకుతామో వాళ్లకు తెలుస్తుంది. మందు గురించి వెతికితే మందుల ప్రకటన వస్తుంది. బంగారం అప్పు అని వెతికితే అప్పులిచ్చేవాళ్ల ప్రకటన వస్తుంది. ఆ ప్రకటనల మీద డబ్బు వస్తుంది. ఎంత డబ్బు? ఆపిల్ కంపెనీ బ్రౌజర్‌లో వెతకడానికి తన పేజీనే ముందు పెట్టాలని గూగుల్ 2022లో ఆపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఈ లెక్క అమెరికా కోర్టులో బయటపడింది. ఫైర్‌ఫాక్స్‌కు వచ్చే డబ్బులో కూడా ఎక్కువ భాగం గూగుల్ ఇచ్చేదే. పోటీదారు బతుకుతున్నది పోటీదారు డబ్బుతోనే!

ఇంకో సంగతి. ఎడ్జ్, ఒపేరా, శాంసంగ్ బ్రౌజర్, ఇవి పేరుకు వేరు బండ్లు. కానీ లోపలి ఇంజను గూగుల్ మొదలుపెట్టిన క్రోమియమే. వేరే ఇంజను ఉన్న పెద్ద బండ్లు రెండే: ఆపిల్ వాళ్ల సఫారి, ఫైర్‌ఫాక్స్. ప్రపంచంలో ముగ్గురిలో ఇద్దరు క్రోమే వాడుతున్నారు. మన దేశంలో అంతకంటే ఎక్కువ. అంటే ఊరు మళ్లీ ఒక్క బండి ఊరు అవుతున్నది.

మన ప్రభుత్వ పోటీ సంఘం 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. ఫోనుల మీద తనకున్న పెత్తనంతో క్రోమ్ వంటి తన సరుకును ముందుకు తోసిందన్నది. 2023లో పై ట్రిబ్యునల్ ఆ జరిమానా సరైనదేనన్నది. అమెరికాలో క్రోమ్‌ను అమ్మించాలని ప్రభుత్వం అడిగింది. 2025 సెప్టెంబరులో జడ్జి అమ్మనక్కర లేదన్నాడు.

2025లోనే ఇంకో పందెం మొదలైంది. కామెట్, అట్లాస్ అనే కొత్త బ్రౌజర్లు వచ్చాయి. మనం చెప్తే అవే పేజీలు తెరిచి, చదివి, ఫారాలు కూడా నింపుతాయట. కొత్తది రావడం మంచిదే. కానీ మన బదులు సంతకం పెట్టే చేతిని ఊరికే నమ్ముతామా? వేలిముద్ర వేసిన రోజుల్లో మనం పడ్డ బాధలు మరువవద్దు.

మనం చేయవలసిన పని

ఒకటి: బ్రౌజర్ సెట్టింగ్స్‌లో "భాషలు" అనే చోట తెలుగు పెట్టుకోండి. మనుమడు పెట్టి ఇస్తే సరే. తర్వాత చదివేది మీరే.

రెండు: ఒక్క బండికే కట్టుబడవద్దు. రెండో బ్రౌజర్ కూడా పెట్టి చూడండి. అసలు ప్లే స్టోర్ నుంచే తెచ్చుకోండి. ఎవరో పంపిన లింకు నుంచి వద్దు.

మూడు: పేజీ పైన అడ్రసు ఉంటుంది. చదవండి. సర్కారు పేజీల అడ్రసు చివర ఎక్కువగా "జి.ఓ.వి. డాట్ ఇన్" అని ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. బ్యాంకుల పేజీలు 2025 అక్టోబరు చివరికల్లా "బ్యాంక్ డాట్ ఇన్" అనే చివరికి మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఈ కొద్ది అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకోండి. ఇవి మన ఇంటి గొళ్లెం లాంటివి.

నాలుగు: ఓటీపీ, ఏటీఎం పిన్ను ఎవరికీ చెప్పవద్దు. మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

అయిదు: తెలుగు సరిగా రాకుంటే ఊరుకోవద్దు. "మాకు తెలుగు కావాలి" అని మీసేవలో అడగండి. ఆఫీసులో అడగండి.

అక్కలారా! మొదట మనకు అక్షరం రాదు, కాబట్టి వేరేవాళ్లు చదివింది నమ్మాం. ఇప్పుడు అక్షరం వచ్చింది. అయినా వేరేవాళ్లు చూపింది నమ్మితే నేర్చిన చదువుకు విలువ ఏమున్నది? బండి ఏదైనా కావచ్చు. ఎక్కేది మనం. ఎక్కడికి పోవాలో చెప్పేది కూడా మనమే కావాలి.

ఆ అక్కకు ఇప్పుడు నా జవాబు ఇది: ఈ వారం రేషను కార్డు పేజీ నువ్వే తెరువు. తప్పు పోతే మళ్లీ తెరువు. మనుమడు పక్కన కూర్చోనీ. ఫోను మాత్రం నీ చేతిలోనే ఉండనీ.



మాట్లాడుకుందాం

1. ఒక్కటే ఆటో ఉన్న ఊరికి, ఒక్కటే బ్రౌజర్ ఉన్న ఫోనుకు పోలిక ఏమిటి?
2. 2001 నుంచి 2006 వరకు ఎక్స్‌ప్లోరర్ ఎందుకు మారలేదు?
3. పద్మ ఏం పని చేసేది?
4. మీ ఫోనులో ఎన్ని బ్రౌజర్లు ఉన్నాయి? పేర్లు రాయండి.
5. మీ ఊళ్లో ఏ సరుకుకు ఒక్కడే కొనుగోలుదారు ఉన్నాడు? రెండోవాడు వస్తే ఏమవుతుంది?