ఒక వారం ముందు

(సాయంత్రం చదువుల కేంద్రంలో అక్కచెల్లెళ్ళతో చెప్పిన మాటలు)



మీరంతా పనుల నుంచి వచ్చారు. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. అందుకని ఎక్కువసేపు మాట్లాడను. ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఈ రోజు మీ ఇంట్లో వండిన పప్పు ఏ డబ్బుతో తెచ్చారు? పోయిన శనివారం కూలితోనా? రాబోయే శనివారం కూలితోనా?

నవ్వుతున్నారు. నాకు తెలుసు. మనలో చాలామంది రాబోయే కూలిని ఇవాళే తినేస్తున్నాం. కొట్లో ఖాతా రాయించి సరుకు తెస్తాం. శనివారం కూలి చేతికి వస్తుంది. దారిలోనే కొట్టు. పాత బాకీ కట్టేస్తాం. చెయ్యి ఖాళీ. ఆదివారం పొద్దున్నే మళ్ళీ ఖాతా. మా ఇంట్లో కూడా చాలా ఏళ్ళు ఇదే వరస. నేను దుబారా మనిషిని కాదు. ఏడాది పొడుగునా పనికి పోయేదాన్ని. అయినా ఎప్పుడూ ఒక వారం వెనకే ఉండేదాన్ని.

వెనకుంటే ఏం పోయింది, తింటూనే ఉన్నాం కదా అంటారేమో. ఏం పోతుందో చెబుతాను.

ఖాతా ఉంటే ఆ కొట్టు వదిలి సంతకు పోలేం. పోతే కొట్టతను ముఖం మాడ్చుకుంటాడు. అతను చెప్పిందే ధర. తూకం సరిగ్గా వెయ్యమని అడగలేం. ఒకసారి నూనె ప్యాకెట్ మీద ఉన్న ధర చదివాను. ఖాతాలో రాసింది చూశాను. 10 రూపాయలు ఎక్కువ ఉంది. ప్యాకెట్ మీద అచ్చు వేసిన ధర కంటే ఎక్కువ తీసుకోవడం చట్టప్రకారం తప్పు. ఆ మాటే అడిగాను. "ముందు పాత బాకీ కట్టి మాట్లాడమ్మా" అన్నాడు. చదువు వచ్చింది గానీ నోరు రాలేదు. తలొంచుకుని ఇంటికి వచ్చాను.

ఇంకొకటి వినండి. వానలు పడి వారం రోజులు పని లేదనుకోండి. మేస్త్రీ దగ్గర ముందుగానే డబ్బు తెచ్చుకుంటాం. తర్వాత నాట్లు వస్తాయి. పక్క ఊళ్ళో కూలి 500 ఇస్తున్నారు. మేస్త్రీ 400 ఇస్తానంటాడు. మనం అక్కడికే పోవాలి. అతని డబ్బు తిన్నాం కదా! రోజుకు 100 చొప్పున 20 రోజులకు 2,000 రూపాయలు పోయినట్టే. ఆ 2,000 వడ్డీ అని ఎవరూ ఎక్కడా రాయరు. కానీ అది వడ్డీయే.

రాసే వడ్డీ సంగతి మీకు తెలిసిందే. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగా వినిపిస్తుంది. 5,000 అప్పుకు నెలకు 150. ఏడాదికి 1,800. అసలు 5,000 అలాగే ఉంటుంది. రోజువారీ ఫైనాన్సు ఇంకా గడుసుది. 10,000 రాసుకుని 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "పదివేలకు వెయ్యేగా" అంటారు. కానీ మర్నాటి నుంచే మనం తిరిగి కడుతున్నాం. 50 రోజులకే 5,000 కట్టేస్తాం. మొత్తం డబ్బు 100 రోజులూ మన దగ్గర ఉండదు. ఆ లెక్కన చూస్తే నూటికి నెలకు ఆరు రూపాయల పైనే పడుతుంది.

మరి ఏం చెయ్యాలి? ఖాతా ఒక్కరోజులో మానలేం. ఒక వారం ముందుకు జరగాలి. అంతే.

మీ ఇంటికి వారానికి కొట్టు సరుకు ఎంత అవుతుంది? 1,200 అనుకుందాం. పనులు బాగా దొరికే రోజులుంటాయి కదా. నాట్లు, కోతలు, పత్తి తీత, మిరపకాయల కోత. ఆ రోజుల్లో వారానికి 100 పక్కన పెట్టండి. 12 వారాలకు 1,200 అవుతాయి. ఆ శనివారం వచ్చిన కూలితో ఖాతా మొత్తం కట్టెయ్యండి. దాచిన 1,200తో వారం సరుకు నగదుకు కొనండి. మళ్ళీ శనివారం కూలి వస్తుంది. కొట్లో బాకీ లేదు. ఆ కూలితో వచ్చే వారం సరుకు కొంటారు. ఇక అప్పటి నుంచి సంపాదించాకే తింటారు.

నాకు 12 వారాల్లో కాలేదు. తొమ్మిదో వారంలో చిన్నవాడికి జ్వరం వచ్చింది. దాచిన 900 ఆసుపత్రికే పోయాయి. ఆ రోజు ఏడ్చాను. తర్వాత అనిపించింది, ఆ 900 లేకపోతే మూడు రూపాయల వడ్డీకి పరుగెత్తేదాన్ని కదా అని. మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ 100 ఎక్కడి నుంచి తేవాలి? అది నేను చెప్పలేను. మీ పుస్తకం చెబుతుంది. ఒక నెల ఏమీ మార్చకుండా ఊరికే రాయండి. మా పుస్తకంలో ఫోన్ రీఛార్జి, పెళ్ళిళ్ళ చదివింపులు, మా ఆయన బ్రాందీ కనిపించాయి. ఆయనకు గట్టిగా చదివి వినిపించాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఇది తప్పు, అంత కాదు" అని లెక్క సరిచేశాడు! పూర్తిగా మానలేదు. తగ్గించాడు.

ఆడవాళ్ళు లెక్క అడగడం కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు కూలి డబ్బంతా సారాకు పోతోందని తెలుసుకున్నారు. వాళ్ళూ మనలాగే రాత్రి బడుల్లో చదువుకున్నవాళ్ళే. ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. 1995లో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో దాన్ని సడలించారు, అది వేరే కథ. ఆ జిల్లా ఆడవాళ్ళే రోజుకో రూపాయి పొదుపు కూడా చేశారు.

దాచిన డబ్బు పోపుల డబ్బాలో పెట్టకండి. పండగ వస్తే చెయ్యి దానిమీదికే పోతుంది. పొదుపు సంఘంలోనో, పోస్టాఫీసులోనో వెయ్యండి. సంఘం అప్పు రూపాయి వడ్డీకి దొరుకుతోందా? మూడు రూపాయల అప్పు తీర్చడానికి తీసుకోండి. పప్పుకీ ఉప్పుకీ మాత్రం తీసుకోకండి. కొట్టు బాకీ సంఘం బాకీ అవుతుంది, అంతకంటే ఏమీ మారదు.

ఇదిగో, బోర్డు మీద నాలుగు గళ్ళు గీశాను. తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది. పుస్తకాలు తియ్యండి. ఇవాళ్టి తేదీ మీరే వెయ్యండి. టీకి ఇచ్చిన 10 రూపాయలు కూడా రాయాలి. మిగిలింది దగ్గర సున్నా వస్తే సున్నాయే రాయండి, సిగ్గు పడకండి. వచ్చే శనివారం ఈ పుస్తకాలు తీసుకురండి. కూడికలు ఇక్కడే కలిసి చేద్దాం.