గాలి తుపాకి: పరీక్ష, మరమ్మతు

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయినను, రెండేండ్లకొకసారి మేడారమునకు పోయినను, బొమ్మల దుకాణముల నడుమ బుగ్గలు గ్రుచ్చిన పలక, దాని యెదుట ఒక గాలి తుపాకి కనబడుట మనకు క్రొత్త కాదు. పది గుళికలు కాల్చి రెండు బుగ్గలైన పగులగొట్టలేనివాడు తుపాకి వంకరయని నిందించును. దుకాణదారు కాల్చినవాని చేయి వంకరయనును. ఎవరి మాట నిజము? ఈ తగవును నోటితో తీర్చలేము, కాగితముతో తీర్చగలము. అది యెట్లో మనవి చేసెదను.

గాలి తుపాకిలో మందు ఉండదు. గొట్టమును క్రిందికి వంచినప్పుడు లోపలి ఉక్కు స్ప్రింగు ముడుచుకొని, పిస్టను వెనుకకు జరిగి, ఒక కొక్కెమునకు చిక్కి నిలుచును. మీట నొక్కగనే కొక్కెము వదలును. స్ప్రింగు పిస్టనును ముందుకు త్రోయును. ఎదుట నలిగిన గాలి సన్నని రంధ్రము గుండ దూసుకొనిపోయి సీసపు గుళికను తరుమును. గొట్టము లోపలి మెలిగాడులు గుళికను బొంగరమువలె త్రిప్పి దారి తప్పకుండ నిలుపును. ఇది సైకిలు పంపునకు దగ్గరి చుట్టము. పంపులో తోలు వాషరు ఎండిపోయినచో గాలి ఎట్లు జారిపోవునో, ఇందును అట్లే.

చైనా నుండి బి-2, బి-3 అను పేర్లతో పెక్కు దేశములకు పోయిన చవక తుపాకులు ఈ జాతివే. ఇట్టివానిలో సూత్రమునందు దోషము లేదు. కొరత యెల్ల తుది మెరుగులో. అంచులు గరుకుగా ఉండును, స్క్రూలు వదులుగా ఉండును, వాషరు సరిగా అమరదు. కావున చవక తుపాకిని చూచి చెడ్డదని పారవేయనక్కరలేదు, క్రొత్తదని నమ్మనూ రాదు. పరీక్షింపవలెను.

మొదటి పరీక్ష గురికి కాదు, కొక్కెమునకు. గుళిక నుంచునంతసేపు వంచిన గొట్టమును, లేక మీటకఱ్ఱను, రెండవ చేతితో గట్టిగా పట్టియే ఉండవలెను. అరిగిన కొక్కెము ఆ క్షణమున జారినచో వ్రేలు నలుగును, తెగినను తెగును. గుళిక నుంచి గొట్టము మూసిన పిమ్మట, తుపాకిని ఇసుక బస్తావైపు చూపి, మీటను ముట్టకుండ పిడిని అరచేతితో తట్టి చూడవలెను. దానంతట అదియే పేలినచో తక్కిన పరీక్షలతో పనిలేదు. తెలిసిన పనివానికి అప్పగించువరకు దానిని ఎవరును ముట్టరాదు.

రెండవది కాగితపు పరీక్ష. పది మీటర్ల దూరమున, వెనుక ఇసుక బస్తా నుంచి, తెల్లకాగితముపై నల్లచుక్క పెట్టవలెను. చేతిని బస్తాపై ఆనించి, తుపాకిని ఆ చేతిలో మెత్తగా ఉంచి, ఒకే రకపు గుళికలు పది కాల్చవలెను. కఱ్ఱపై నేరుగా ఆనించినచో స్ప్రింగు అదరుపాటునకు గురి చెదరును. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్సులో కాంస్యపతకము పొందినదీ ఈ పది మీటర్ల దూరముననే. ఆ పోటీలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. వారి తుపాకి వేరు జాతిది. ముందే నింపిన గాలితో పనిచేయునది. మన చవక తుపాకి పది గుళికలను రూపాయి బిళ్ళంత చోట చేర్చిన చాలును.

ఇక కాగితము చెప్పు సాక్ష్యము వినవలెను. రంధ్రములన్నియు ఒకచోట చేరి, చుక్కకు దూరముగ ఉన్నచో తుపాకి మంచిదే. గురిముల్లును సవరించిన చాలును. ప్రక్కలకు చెదరినచో గొట్టపు కీలును, స్క్రూలను చూడవలెను. నిలువుగా సాగినచో గుళికల వేగము సమముగ లేదని అనుమానింపవలెను. అనగా గాలి జారుచున్నది. గొట్టము మూసిన అతుకుపై పలుచని కాగితపు పేలిక నుంచి కాల్చినప్పుడు అది ఎగిరినచో అచ్చటి వాషరు చెడినదని తెలియును.

వేగమును కొలుచుటకు నేడు చిన్న ఎలక్ట్రానిక్ యంత్రములున్నవి. 1742లోనే ఇంగ్లండునందు బెంజమిన్ రాబిన్సు వ్రేలాడు కొయ్యదిమ్మెను గుండుతో కొట్టించి, అది ఊగిన దూరమును బట్టి వేగము లెక్కకట్టెను. అరగ్రాము గుళిక సెకనుకు 180 మీటర్ల వేగముతో పోయినచో దాని శక్తి ఎనిమిది జౌళ్ళు. బుగ్గకును కాగితమునకును అది మించిన బలమే. పరీక్షలో చూడవలసినది పెద్ద అంకె కాదు. పదిసార్లును దగ్గర దగ్గరగా వచ్చు అంకె.

మరమ్మతునకు ఒక వరుస గలదు. మొదట స్క్రూలు బిగింపవలెను. పిమ్మట గొట్టమును మెత్తని గుడ్డతో తుడువవలెను. తరువాత అతుకు వాషరును మార్చవలెను. ఒక్కొక్క పనికి వెనువెంటనే పది గుళికల పరీక్ష మరల జరుపవలెను. అన్నియు ఒక్కమారు మార్చినచో ఏది గుణమిచ్చినదో తెలియదు. లోపలి తోలు ఎండినచో సులభముగ మండని సిలికాను నూనె ఒకటి రెండు బొట్లు చాలును. మామూలు నూనె పోసినచో నలిగిన గాలి వేడికి అది అంటుకొని పెద్ద చప్పుడు చేయును, వాషరును కాల్చును. గుళిక లేకుండ కాల్చుటయు తప్పే; అడ్డులేని పిస్టను ఎదుటి గోడను నేరుగా గుద్దును. స్ప్రింగు మార్చుట బిగింపుపట్టెడ గల పనివాని పని. వట్టిచేతులతో విప్పినచో అది ముఖముమీదికి ఎగురును.

కొందరు మరమ్మతు పేరిట బలమైన స్ప్రింగు వేయింతురు. దాని వలన అదరు హెచ్చును, గురి తగ్గును. అంతియేగాక, 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము గొట్టపు రంధ్రము 4.5 మిల్లీమీటర్లను గాని, శక్తి 20 జౌళ్ళను గాని మించినచో లైసెన్సు కావలెను. చిలుకను కొట్టుటకు 1972 నాటి వన్యప్రాణి చట్టము ఒప్పుకొనదు. చట్టమునకు లోబడిన తుపాకి కూడ పిల్లవాని కన్ను పోగొట్టుటకు చాలినంత బలము గలదే. సీసము విషము, కాల్చినవారు చేతులు కడుగుకొననిదే తినరాదు.

జాతర దుకాణదారు ప్రతి ఉదయము పది గుళికలు కాల్చి, ఆ కాగితముపై తేదీ వ్రాసి పలక ప్రక్కన వ్రేలాడగట్టినచో ఎంత బాగుండును! గురి తప్పినవాడు తుపాకిని నిందింపలేడు. కాగితము చెడినదని చెప్పిన నాడు దుకాణదారు ఆ తుపాకిని పిల్లల చేతికి ఇయ్యలేడు. మొదటిది బేరమునకు మేలు. రెండవది అంతకంటె పెద్ద మేలు.