ప్రయాణమునకు రివార్డు పాయింట్లు

(ముంబయిలోని మన పాఠశాల వార్షికోత్సవమున పై తరగతుల విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగము)



సంక్రాంతి సమీపించినంతనే మన ఇండ్లలో వినవచ్చు ప్రశ్న యొక్కటే: "ఈ యేడు ఊరికి పోవుట ఎట్లు?" ముంబయినుండి విశాఖపట్టణమునకు విమానపు టిక్కెట్టు ఆ దినములలో అందరాని ధర పలుకును. అట్టి తరుణమున క్రెడిట్ కార్డు రివార్డు పాయింట్లు అక్కరకు వచ్చునా యను విషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. వచ్చును, కాని లెక్క తెలిసినవారికే వచ్చును.

పాయింటు రూపాయి కాదు. దానిని వెచ్చించు చోటునుబట్టి దాని విలువ మారును. ఒక టిక్కెట్టు నగదు ధర 6,000 రూపాయలనుకొందము. పాయింట్లతో కొన్నచో 10,000 పాయింట్లును, పన్నులక్రింద 1,000 రూపాయలును ఈయవలె ననుకొందము. మనకు మిగిలినది 5,000 రూపాయలు. దానిని 10,000చే భాగించిన పాయింటుకు 50 పైసలు. అవే పాయింట్లకు 2,000 రూపాయల వంటపాత్రలు తెచ్చుకొన్నచో పాయింటుకు 20 పైసలే!

ప్రయాణమునకు వాడు మార్గములు ముఖ్యముగా రెండు. మొదటిది, బ్యాంకువారి పోర్టలులోనే టిక్కెట్టు కొనుట. ఇందు పాయింటు విలువ సాధారణముగా స్థిరము. ధర హెచ్చినచో పాయింట్లును హెచ్చుగా పోవును. రెండవది, పాయింట్లను విమాన సంస్థవారి మైళ్లుగా మార్చుకొనుట. ధరలు మండిపోవు దినములలో ఇందు విలువ హెచ్చుగా రావచ్చును; కాని అట్టి సీట్లు కొద్ది. మార్చిన పాయింట్లు సాధారణముగా వెనుకకు రావు. కావున ముందు సీటు చూడవలెను. పిదపనే పాయింట్లు మార్చవలెను.

ఈ మాట నేను అనుభవమున నేర్చితిని. మా మేనకోడలి వివాహమునకు నలుగురము పోవలెనని, సీటు చూడకయే పాయింట్లన్నియు మార్చితిని. కావలసిన దినమున సీటు లేదు. నగదు పెట్టి ఇద్దరమే పోయితిమి. పిల్లలిద్దరును ముంబయిలోనే నిలిచిపోయిరి. ఆ మైళ్లు గడువు తీరి మురిగిపోయినవి. పాయింట్లు దాచిపెట్టు ధనము కావని నాడు తెలిసినది.

అన్నిటికంటె ముఖ్యమైనది వడ్డీ. 40,000 రూపాయల వ్యయముపై నూటికొక రూపాయి చొప్పున 400 రూపాయల పాయింట్లు వచ్చినవనుకొందము. ఆ బాకీ ఒక్క నెల నిలిచిన, నెలకు నూటికి మూడున్నర వంతున వడ్డీ 1,400 రూపాయలు. దానిపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 252 రూపాయలు. కనీసపు మొత్తము కట్టినంత మాత్రమున వడ్డీ ఆగదు. లాభమునకు పోయి అసలుకు మోసము తెచ్చుకొనుట యనగా నిదియే. బిల్లు పూర్తిగా తీర్చలేనివారికి కార్డు వలదు. పాయింట్లకొరకు అక్కరలేని వస్తువు కొనుటయు వలదు.

విద్యార్థులారా! మీరు తరగతిలో నేర్చు శాతములు, భాగహారములు ఇందుకు చాలును. ఈ రాత్రి మీ తండ్రిగారి చెంత కూర్చుండి ఆ లెక్క వేసి చూపుడు. పండుగకు మీ అవ్వ వాకిట మీరందరును కలిసి నిలుచుటయే ఆ పాయింట్ల నిజమైన విలువ.