వాట్లు కాదు, మాట వినిపించాలి

(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో పాటలు వినడానికి మంచి హై-ఫై సెట్టు ఎలా ఎంచుకోవాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. డి.ఎ. గురించీ, అరియర్స్ గురించీ మాట్లాడుకునే చోట ఇదేమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. వయసుతోపాటు చెవి మందగిస్తుంది. సాధారణంగా ముందు తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు. దాంతో స, ష, త వంటి అక్షరాలు సరిగా అందవు. పాట వినిపిస్తుంది గాని మాట తెలియదు. మనం సౌండు పెంచుతాం. పక్క గదిలో మనవడు చదువుకుంటుంటాడు, కోడలు తలుపు వేసుకుంటుంది. చివరకు ఎందుకొచ్చిన గొడవలెమ్మని మనమే కట్టేసి కూర్చుంటాం. ఇన్నేళ్లు తోడున్న పాట అలా ఇల్లు వదిలిపోతుంది. పోకుండా చూసుకోవడం ఎలా అన్నదే నేను చెప్పబోయేది.

కాబట్టి ముందు వెళ్లవలసింది షాపుకు కాదు, ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరకు. ఒక్కోసారి అడ్డు గుబిలి మాత్రమే కావచ్చు. వినికిడి పరీక్షలో యంత్రం అవసరమని తేలితే నామోషీ పడకుండా పెట్టుకోవాలి. చెవి లోపాన్ని ఏ స్పీకరూ పూర్తిగా పూడ్చలేదు.

ఇక సెట్టు సంగతి. ఇందులో భాగాలు మూడు: పాటను అందించే రికార్డు ప్లేయరు, సి.డి. ప్లేయరు లేక సెల్‌ఫోను, దాన్ని పెంచే ఆంప్లిఫయరు, వినిపించే స్పీకర్లు. మామూలు ధర సి.డి. ప్లేయర్ల మధ్య చెవికి తెలిసే తేడా తక్కువ. స్పీకర్ల మధ్య తేడా మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. అందుకని మీరు అనుకున్న డబ్బులో సగం స్పీకర్లకే కేటాయించండి.

అంగట్లో మొదట చెప్పేది వాట్ల లెక్క. పెట్టె మీద పి.ఎం.పి.ఓ. అని వేల వాట్లు రాసి ఉంటే ఆ అంకెను పట్టించుకోవద్దు. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నో అడగండి. తరువాత స్పీకరు సెన్సిటివిటీ అడగండి. అది 87 డెసిబెల్స్ అంటే, ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందన్నమాట. మనం మామూలుగా మాట్లాడుకునేది 60 డెసిబెల్స్ ప్రాంతం. 90 డెసిబెల్స్ స్పీకరుకు అదే శబ్దం కోసం సగం వాట్లు చాలు. మామూలు గదికి ఛానెలుకు 20 నుంచి 40 వాట్లు ఉంటే ధారాళం. స్పీకరు మీద 4, 6, 8 ఓమ్‌లు అని ఉంటుంది. ఆంప్లిఫయరు వెనక రాసిన కనీస ఓమ్‌ల కన్నా అది తగ్గకూడదు.

పాత ఎల్.పి.లు ఉన్నవారికి ఒక మాట. రికార్డు ప్లేయరు ముల్లు నుంచి వచ్చే కరెంటు వోల్టులో వెయ్యో వంతుల లెక్క, సి.డి. ప్లేయరు ఇచ్చేది సుమారు 2 వోల్టులు. కాబట్టి ఆంప్లిఫయరుకు ఫోనో అనే ప్రత్యేక ద్వారం ఉందో లేదో చూడాలి. పాత స్పీకర్లు కొనేవారు కోను చుట్టూ ఉండే స్పాంజి అంచును వేలితో తాకి చూడండి. పొడి రాలితే ఖర్చు ముందుందన్నమాట.

షాపులో వాళ్లు వేసే ధమధమ పాట వినవద్దు. మీకు కంఠతా వచ్చినది తీసుకువెళ్లండి. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు రికార్డు చేసిన వేంకటేశ సుప్రభాతం తెలియని ఇల్లు అరుదు. తక్కువ సౌండులో పెట్టించి, కళ్లు మూసుకొని, ప్రతి అక్షరం అందుతోందా చూడండి. తరువాత మృదంగం వినండి. కుడి మూత నాదం, ఎడమ మూత గుమికి వేరువేరుగా తెలియాలి. అంతా ఒకటే బుస్సుమంటే ఆ స్పీకరు వద్దు. ఇంట్లో వాళ్లనూ వెంట తీసుకువెళ్లండి. వినేది వాళ్లు కూడా కదా.

ఇంటికి తెచ్చాక స్పీకర్లను బీరువా మీదా, గది మూలలా పెట్టకండి. మూలలో పెడితే అడుగు శబ్దం ఉబ్బి మాటను మింగేస్తుంది. కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకు వచ్చేలా, గోడకు కాస్త ఎడంగా, రెండింటికీ మీకూ మధ్య త్రికోణం ఏర్పడేలా ఉంచండి. నున్నటి బండల గదిలో ఒక జంపఖానా, కిటికీలకు మందపాటి తెరలు వేస్తే మోత తగ్గుతుంది. వైర్లలో ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలపాలి. సరిగా కలిసిందో లేదో తెలుసుకోవడానికి పాత మోనో పాట ఒకటి పెట్టండి. గొంతు రెండు స్పీకర్ల నడుమ నుంచి రావాలి. ఎటు నుంచి వస్తోందో తెలియక చెదిరినట్టుంటే ఒక స్పీకరు వైర్లు తారుమారయ్యాయని అర్థం. దీనికి పైసా ఖర్చు లేదు.

మన సర్వీసులో మూడు కొటేషన్లు తెప్పించి, కంపారిటివ్ స్టేట్‌మెంటు వేసి, తక్కువ ధర వారికి ఆర్డరు ఇచ్చేవాళ్లం. ఇక్కడా మూడు సెట్లు వినండి, కాగితం మీద రాసుకోండి. కాని ఆఖరి సంతకం చెవిది. సౌండు తగ్గించినా మాట స్పష్టంగా ఉన్న సెట్టే మంచి సెట్టు. అది ఉంటే కోడలు తలుపు వేసుకోనక్కర లేదు, మనం పాట కట్టేయనక్కర లేదు.