తెల్ల టైర్ల సంరక్షణ



తొలినాటి టైర్లు చాలవరకు లేతరంగువే. రబ్బరులో కార్బన్ మసి కలుపుట 1910ల నుండి వ్యాపించి, టైర్లు నల్లనైనవి. ఆ మసి టైరుకు బలమునిచ్చి, ఎండ నుండి కాపాడును. తెల్ల టైర్లకు ఆ రక్షణ లేదు. కావున అవి త్వరగా పసుపెక్కి, పగుళ్లు వారును.

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల కాలువగట్లపై తిరిగిన సైకిలును బురద ఆరకముందే కడుగవలెను. మిగిలిన మరకను సబ్బునీటితో, మెత్తని బ్రష్షుతో రుద్ది, మరల కడిగి, నీడలో ఆరనీయవలెను. కిరసనాయిలు, పెట్రోలు తగులనీయరాదు. అవి రబ్బరును ఉబ్బించి చెరచును. మెరుపు కొరకు కొబ్బరినూనెయు పూయరాదు. అది దుమ్మును పట్టును. రిమ్ముపై పడినచో బ్రేకు పట్టదు.

ఎంత కడిగినను పోని పసుపు చాలవరకు మురికి కాదు, రబ్బరు ముదిరిన గుర్తు. దానిని గీకినందున లాభము లేదు. పగుళ్లు లోతుగా కనబడినచో టైరు మార్చుటయే క్షేమము. కాలువగట్టుపై టైరు పగిలినచో ప్రమాదము పిల్లలకే.

బడికి వచ్చిన సైకిళ్లు పగలంతయు ఎండలో నిలుచుచున్నచోట, పంచాయతీ ఒక పందిరి వేయించి, ప్రక్కనే ఒక కుళాయి పెట్టింపవలెను. కోనసీమలో కొబ్బరాకులకు కొరత లేదు గదా! ఈ వేసవికి ముందే ఆ పని పూర్తిచేయుదురుగాక.