సలహా మీది, నిర్ణయం వాళ్లది

వ్యవసాయ శాస్త్రంలో పట్టాలు అందుకున్న మీ అందరికీ నా అభినందనలు.

ఈ రోజు మీకు అమెరికాలోని డెట్రాయిట్ గురించి చెప్పాలని వచ్చాను. కార్ల కంపెనీలతో పేరుపడ్డ ఆ నగరంలో 1950లో 18 లక్షలకు పైగా జనం ఉండేవారు. 2020 నాటికి ఆరున్నర లక్షల మంది కూడా మిగల్లేదు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, తెల్లవాళ్లు శివార్లకు తరలిపోయారు, ఇళ్లు కూలిన చోట ఖాళీ జాగాలు మిగిలాయి. ఇప్పుడు ఆ నగరంలో ఎక్కువమంది నల్లజాతివారే.

జాగా ఉంది కదా, సాగు చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ వాళ్లకు భూమితో ఉన్న సంబంధం వేరు. పూర్వీకులు పత్తి చేలల్లో బానిసలుగా చాకిరీ చేశారు. విముక్తులైన కుటుంబాలకు 40 ఎకరాల దాకా ఇవ్వాలన్న 1865 నాటి సైనిక ఉత్తర్వు ఆ ఏడాదే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ చేతిలో నీరుగారిపోయింది. అయినా 1920 నాటికి సొంతానికో కౌలుకో సాగు చేసే నల్లజాతి రైతులు 9 లక్షలు దాటారు. 2017 వ్యవసాయ గణనలో 50 వేల మంది కూడా లేరు. ప్రభుత్వ రుణాల్లో వివక్ష, దౌర్జన్యాలు, వీలునామా లేని ఉమ్మడి భూములు వేలానికి పోవడం, అన్నీ కలిసి వాళ్ల కాళ్ల కింది నేలను లాగేశాయి. లక్షల కుటుంబాలు పొలాలు విడిచి ఉత్తరాది నగరాలకు వలసపోయాయి. అలా వచ్చినవాళ్ల మనవలకు మళ్లీ పార ఇస్తామంటే ఇంటి పెద్దలు ఉలిక్కిపడడంలో వింతేముంది?

ఆ పిల్లలకు పార ఇచ్చినవాడు మాలిక్ యాకిని. ఆయన అప్పట్లో అక్కడ ఒక బడికి ప్రిన్సిపాల్‌గా ఉండేవాడు. బడిలో నేర్పిన తోటపని, ఆహార పాఠాల నుంచే 2006లో డెట్రాయిట్ బ్లాక్ కమ్యూనిటీ ఫుడ్ సెక్యూరిటీ నెట్‌వర్క్ పుట్టింది. రూజ్ పార్కులో నగరపాలక సంస్థ స్థలంలో వాళ్లు పెంచిన డి-టౌన్ ఫార్మ్ విస్తీర్ణం ఏడెకరాలు. కూరగాయలు, కంపోస్టు గుట్టలు, తేనెటీగల పెట్టెలు, చలికాలానికి ప్లాస్టిక్ కప్పిన పందిళ్లు అన్నీ ఉన్నాయి. 'ఫుడ్ వారియర్స్' పేరుతో పిల్లలకు విత్తు నాటడం దగ్గర నుంచి పంట తినడం దాకా నేర్పుతారు. ఆ పిల్లల తాతలు ఆ పనిలో ఎంత నిపుణులో కూడా చెబుతారు.

ఆ సంస్థ పుట్టడానికి ఇంకో కారణం ఉంది. అప్పటికే డెట్రాయిట్‌లో నగర సేద్యం జరుగుతోంది. కానీ దాన్ని నడిపిస్తున్నవారిలో ఎక్కువమంది తెల్లవాళ్లు. వాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే తమ ఊళ్లో, తమ పిల్లల తిండి విషయంలో పెత్తనం తమ చేతిలోనే ఉండాలని నల్లజాతివారు పట్టుబట్టారు. 2024లో సభ్యులే యజమానులుగా ఒక సహకార కిరాణా దుకాణం కూడా తెరిచారు. పిల్లవాడికి మట్టిని తాకడం ఎవరైనా నేర్పగలరు. ఆ మట్టి మీద తన మాట చెల్లుతుందని మాత్రం తనవాళ్లను చూసే నేర్చుకుంటాడు.

మీలో కొందరు రేపు మండలాల్లో అధికారులవుతారు, కొందరు విత్తన కంపెనీల్లో చేరతారు. ఎం.ఎస్. చదవడానికి డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రానికి వెళ్లేవాళ్లకు నోవైలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన తెలుగువాళ్లు కనిపిస్తారు. అక్కడికి డెట్రాయిట్ దగ్గరే, ఓసారి వెళ్లి చూడండి.

మన దగ్గర కూడా "నా కష్టం నా బిడ్డకు వద్దు" అనే రైతులున్నారు. మీలో చాలామందిని ఇక్కడికి పంపింది ఆ మాటే. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయకండి, దాని వెనకున్న అప్పునూ అవమానాన్నీ అర్థం చేసుకోండి. ఏ పొలానికి వెళ్లినా ముందు అడగండి: ఈ భూమి ఎవరి పేరున ఉంది? అప్పు ఎవరు కడతారు? ఏ పంట వెయ్యాలో తేల్చేది ఎవరు? కౌలు రైతునూ, నాట్లేసే ఆడవాళ్లనూ అడగకుండా ఏ పథకమూ రాయకండి. మీ చదువు వాళ్ల చేతికి బలమివ్వాలి, వాళ్ల చేతిలోని పగ్గాలు లాక్కోకూడదు. అలా పని చేస్తామని ఈ వేదిక ముందు మాటివ్వండి.