జింకల మడికి పైరు ఎంపిక



అడవి అంచున సేద్యం చేసేవారికి జింక అంటే పైరుకు చేటు అనే తెలుసు. విత్తనం మొలిచిన నాటి నుంచి మంచె కట్టి, డబ్బా కొట్టి, నిద్ర మానుకొని కాపలా కాస్తారు. అమెరికాలో మాత్రం జింకలు వచ్చి తినాలనే కొందరు పైరు వేస్తారు. అడవి పక్కన పావు ఎకరమో, అర ఎకరమో నేల బాగుచేసి, విత్తనం చల్లి, వేటకాలం వచ్చేదాకా ఆ మడిని కనిపెట్టుకొని ఉంటారు. వినడానికి వింతగా ఉన్నా, ఆ చిన్న మడికి వాళ్ళు పైరును ఎంచుకునే తీరులో మనం నేర్చుకోదగినది ఉంది. ముందుగా అక్కడి పద్ధతి, తరువాత మనకు పనికివచ్చే సంగతి చెబుతాను.

ఒక్క మాట మొదటే చెప్పాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. అమెరికాలో వేట ఉంది గాని, అదీ ఇష్టం వచ్చినట్లు సాగదు. లైసెన్సు కావాలి, ఏ నెలలో, ఏ ఆయుధంతో, ఎన్ని జింకలను కొట్టవచ్చో ప్రతి రాష్ట్రమూ నిర్ణయిస్తుంది. హద్దు లేని వేట వల్ల 1900 నాటికి అక్కడి తెల్లతోక జింకలు కొన్ని లక్షలకు పడిపోయాయి. ఆ తరువాత చట్టాలు వచ్చాయి. 1937లో చేసిన చట్టం వల్ల తుపాకులు, తూటాల మీద పన్ను వన్యప్రాణుల సంరక్షణకు చేరుతున్నది. ఇప్పుడు ఆ జింకలు సుమారు 3 కోట్లు ఉంటాయని అంచనా. అవి పెరిగినకొద్దీ అక్కడి రైతుకూ పైరునష్టం పెరిగింది.

ఇక మడి సంగతి. పది ఎకరాల చేను వేసేవాడి లెక్క వేరు, అర ఎకరం మడి వేసేవాడి లెక్క వేరు. జింకకు అన్నిటికంటే ఇష్టమైన మేతల్లో సోయాచిక్కుడు ఒకటి. మరి అదే వేస్తే సరిపోదా? అని అడగవచ్చు. సరిపోదు. సోయాచిక్కుడు మొలకకు చిగురు నేలకు పైన, పప్పుబద్దల దగ్గర ఉంటుంది. బద్దలకు కిందుగా కొరికితే ఆ మొక్క మళ్ళీ లేవదు. పెద్ద చేనులో జింకలు కొంత తిన్నా కొంత మిగులుతుంది. అర ఎకరంలో అయితే మొలకల దశలోనే మడి బోడి అయిపోతుంది. వేటకాలం వచ్చేసరికి అక్కడ కలుపు తప్ప మరేమీ ఉండదు. విత్తనం, ఎరువు, శ్రమ అన్నీ దండగ.

కనుక చిన్న మడికి పైరును ఎంచేటప్పుడు జింకకు ఏది ఇష్టమో చూడడం ఒక్కటే చాలదు. కొరికినా ఏది తట్టుకొని తిరిగి చిగురిస్తుందో ముఖ్యంగా చూడాలి. ఈ పరీక్షకు నిలిచేవి మూడు తరగతులు.

మొదటిది తెల్ల క్లోవరు. మన ప్రాంతంలో కొందరు పాడిపశువులకు వేసే బెర్సీం దీనికి దాయాదే. దీని కాండం నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు వేస్తుంది. జింక ఆకు కొరికినా కాండం బతికే ఉంటుంది. ఒకసారి కుదురుకుంటే మూడు, నాలుగేళ్ళు ఉంటుంది. పప్పుజాతి గనుక నత్రజని తానే సంపాదించుకుంటుంది. మొదటి కొద్ది నెలలు మాత్రం నెమ్మదిగా పెరుగుతుంది.

రెండవది చిరుధాన్యాల వంటి గడ్డిజాతి పైర్లు: ఓట్సు, గోధుమ, రై. వీటి చిగురు మొదట్లో నేలకు దగ్గరగా ఉంటుంది. పైఆకు తిన్నా పిలకలు వేస్తాయి. మూడింటిలో ఓట్సు జింకకు ఎక్కువ రుచి; అయితే ఉత్తరాది రాష్ట్రాల గడ్డకట్టే చలికి చచ్చిపోతుంది. రై అన్నిటికంటే మొండిది. ఇసుకనేలలోనూ, కొంత పులుపు నేలలోనూ వస్తుంది, చలిని తట్టుకొని మళ్ళీ వసంతంలో పచ్చబడుతుంది. రైగడ్డి అనే మరో మొక్క ఉంది. పేరు చూసి పొరబడి దాన్ని కొనకూడదు.

మూడవది ఆవజాతి: టర్నిప్, రేప్, మేత ముల్లంగి. ఇవి వేగంగా పెరిగి తక్కువ చోటులో ఎక్కువ మేత ఇస్తాయి. కొన్నిచోట్ల మొదటి ఏడు జింకలు వీటిని పెద్దగా ముట్టవు. చలి ముదిరిన తరువాతనే తింటాయి. ఒకే మడిలో ఏటేటా వేస్తే వేరు తెగుళ్ళు చేరతాయి కాబట్టి పైరుమార్పిడి చేయాలి.

అర ఎకరం మాత్రమే ఉన్నవాడికి అనుకూలమైన ఏర్పాటు ఏమిటంటే, ఓట్సు, రై కలిపి 12 నుంచి 15 కిలోలు, దానితోపాటు తెల్ల క్లోవరు ఒకటిన్నర నుంచి 2 కిలోలు చల్లడం. ధాన్యం వెంటనే మొలిచి ఆ శరదృతువులో మేత ఇస్తుంది. దాని నీడలో క్లోవరు కుదురుకొని మరుసటి ఏడు మడిని కప్పుతుంది. మిషిగన్, విస్కాన్సిన్ వంటి ఉత్తరాది రాష్ట్రాల్లో ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట ఇది అదును. జార్జియా, అలబామా వంటి దక్షిణాదిలో సెప్టెంబరు, అక్టోబరు. ఉత్తరాదిలో ఆవజాతి వేసేవారు జులై చివరి నుంచి ఆగస్టు మొదటి వారాల లోపల వేస్తారు.

విత్తనం కొనేముందు మన్ను పరీక్ష చేయించడం అక్కడా మొదటి పని. అడవి నేల సాధారణంగా పులుపు నేల. క్లోవరుకు ఉదజని సూచిక 6కూ 7కూ మధ్య ఉండాలి. తక్కువైతే సున్నపురాయి పొడి వేస్తారు. అది నేలలో కలిసి పనిచేయడానికి నెలలు పడుతుంది గనుక విత్తే వారం ముందు వేసి లాభం లేదు. మడికి రోజుకు నాలుగైదు గంటలైనా ఎండ తగలాలి. క్లోవరు విత్తనానికి దానికి తగిన రైజోబియం పట్టించాలి. సోయాచిక్కుడుకు వాడేది దీనికి పనికిరాదు. ఓట్సు, రై అంగుళం లోతున పడాలి. క్లోవరు పావు అంగుళం మించితే మొలకెత్తదు. అందుచేత ముందు ధాన్యం చల్లి కప్పి, ఆ తరువాత క్లోవరు పైన చల్లి దొర్లుడు బండతో అణచివేస్తారు.

మడిలో ఒక చిన్న ఏర్పాటు చేస్తారు. విస్తరణ సిబ్బంది దీన్ని బాగా గమనించాలి. మీటరు వెడల్పున గుండ్రంగా తీగవల చుట్టి ఒకచోట పాతుతారు. వల లోపలికి జింక మూతి వెళ్ళదు. కొన్ని వారాల తరువాత లోపల పైరు మోకాలెత్తుగా, బయట పైరు బెత్తెడుగా ఉంటే, మడి బాగానే పెరుగుతున్నది, జింకలే తింటున్నాయి అని తెలుస్తుంది. లోపలా బయటా పైరు పొట్టిగానే ఉంటే తప్పు నేలలోనో విత్తనంలోనో ఉంది. ఈ వల లేకపోతే ఊహలే తప్ప లెక్క ఉండదు.

పైరు వేయడం వేరు, గింజలు పోగులు పోసి జింకలను మరపడం వేరు. చాలా రాష్ట్రాల్లో లేదా వాటిలోని కొన్ని ప్రాంతాల్లో పోగులు పోయడం నిషేధం. 1967లో కొలరాడోలో పెంపకపు జింకల్లో మొదట గుర్తించిన, ఒళ్ళు చిక్కి శల్యమయ్యే ఒక రోగం ఉంది. దానికి మందు లేదు. జింకల చొంగ ద్వారా వ్యాపిస్తుంది, దాని విషం నేలలోనూ చాలాకాలం నిలుస్తుంది. ఒకే పోగు దగ్గర జింకలు మూతులు కలిపి తింటే రోగం పాకుతుందనే భయంతో అనేకచోట్ల ఈ కట్టడి పెట్టారు. కాబట్టి ఏటా తమ రాష్ట్రపు నిబంధనలు చదివిన తరువాతే మడి పని మొదలుపెట్టాలి.

ఇప్పుడు మన సంగతి. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న గ్రామాల్లోనూ, 1988లో ఏర్పడిన రోళ్ళపాడు అభయారణ్యం చుట్టుపట్లా కృష్ణజింకల మందలు చేలలో పడుతున్నాయి. మనకు కావలసింది జింకను పిలవడం కాదు, పైరును నిలుపుకోవడం. అయినా లెక్క ఒకటే: కొరికిన మొలక లేస్తుందా, లేవదా?

పెసర, మినుము మొలకలు సోయాచిక్కుడు వంటివే. పప్పుబద్దలు నేలపైకి వస్తాయి. కింద కొరికితే పోయినట్లే. కంది, శెనగల బద్దలు నేలలోనే ఉంటాయి. పైన కొరికినా కింది నుంచి మళ్ళీ చిగురు వేసే అవకాశం ఉంది. జొన్న లేతదశలో చిగురు నేల లోపలే ఉంటుంది గనుక తిరిగి లేస్తుంది. అయితే అలా లేచిన లేత జొన్నలో నాము ఉంటుంది, పశువులను తోలవద్దు. కనుక అడవి వైపు సాళ్ళలో పెసర, మినుము పెట్టకుండా వాటిని ఊరి వైపుకు జరపండి. అడవి వైపు కంది, జొన్న వేయండి. జింకలు వీటిని తినవని కాదు, తిన్నా కొంత కోలుకుంటాయని. మొదటి నెల కాపలా మాత్రం ఏ పైరుకూ తప్పదు. అడవిపందుల బెడద కూడా ఉన్నచోట మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశెనగ చుట్టూ కుసుమ గట్టు పైరుగా వేయడం మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు సూచించిన పద్ధతే.

ఇంతకుముందు చెప్పిన తీగవలను మన చేలల్లోనూ రెండు మూడుచోట్ల పాతండి. లోపలి పైరుకు, బయటి పైరుకు తేడా కొలిస్తే నష్టం ఎంతో తెలుస్తుంది. అటవీశాఖకు నష్టపరిహారం అర్జీ పెట్టేటప్పుడు ఆ లెక్క చేతిలో ఉంటే రైతు మాటకు బలం వస్తుంది. గ్రామంలో పనిచేసే సిబ్బంది దగ్గరుండి ఈ కొలత వేయించాలి.

కంచెకు కరెంటు తీగ మాత్రం ఎవరూ తగిలించవద్దు. అది చట్టరీత్యా నేరం. జింక కోసం పెట్టిన తీగకు తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతు బలి కావచ్చు. పైరు పోతే మళ్ళీ విత్తుకోవచ్చు. ఈ ఖరీఫ్‌కు విత్తనం కొనేముందు, మీ చేనుకు ఏ వైపు నుంచి ఏ జంతువు వస్తున్నదో, పైరు ఏ వయసులో వస్తున్నదో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏ సాలులో ఏ పైరు వేయాలో ఆ కాగితం చూసి నిర్ణయించుకోండి.